గుమ్మం వైపు ప్లస్

మా కాలేజీలో మూడో గదికి ఒకటే గుమ్మం. పిల్లలు బల్లల మీద కూర్చుని బోర్డు వైపు చూస్తే అది వాళ్ళ ఎడమచేతి పక్కన, బోర్డుకు దగ్గరగా ఉంటుంది. గరివిడికి అవతల ఒక చిన్న ఊళ్ళో ఉన్న ఆ జూనియర్ కాలేజీలో నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. మొదటి సంవత్సరం పిల్లలకు ద్రవ్యవేగం, ప్రచోదనం పాఠం మొదలుపెట్టే రోజున నేను ముందుగా రాసేది సూత్రం కాదు. బోర్డు పైమూలలో గుమ్మం వైపు చూపిస్తూ ఒక బాణం గీసి, దాని కింద "గుమ్మం వైపు ప్లస్" అని రాసేవాణ్ణి. పాఠం అయ్యేదాకా ఆ మూల ఎవరూ తుడవకూడదు. తక్కిన లెక్చరర్లకు కూడా ఈ సంగతి తెలుసు. తెలుగు మేష్టారు తన పద్యం ఆ మూల వదిలేసి రాసుకునేవారు.

మొదటి రోజు అడిగే ప్రశ్న కూడా ఏటా ఒకటే. రెండు వందల గ్రాముల బంతి సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో పోయి గోడకు తగిలింది. పది మీటర్ల వేగంతో వెనక్కి వచ్చింది. వేగంలో మార్పు ఎంత? ఏటా క్లాసంతా ఒకే గొంతుతో చెప్పేది, "అయిదు సార్."

నా ఉద్యోగంలో అది ఆఖరి సంవత్సరం. ఆ ఏడాది మొదటి బల్ల మీద ఒక పిల్ల కూర్చునేది. వాళ్ళ నాన్న గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. తప్పు అని చెప్తే ఊరుకునే పిల్ల కాదు.

"తప్పెలగవుద్ది సార్? పదిహేనుతో ఎల్లింది, పదితో తిరిగొచ్చీసింది. పోయింది అయిదే కదా."

"బంతినడిగితే అయిదే అంటాది. గోడనడుగు."

"గోడేటి సెప్తాది సార్?"

"పదిహేనుతో వచ్చిన దాన్ని ముందు ఆపాలి. ఆపీసి ఊరుకుందా? మళ్ళీ పదితో వెనక్కి తోలాలి. గోడ మీద పడింది ఎంత?"

ఆ పిల్ల వేళ్ళు ముడుచుకుంటూ ఆలోచించింది. "ఇరవై అయిదు," అని, కొంచెం ఆగి, "పాపం గోడ," అంది. క్లాసంతా నవ్వింది.

అప్పుడు బాణం చూపించేవాణ్ణి. ఒక దిక్కు ప్లస్ అనుకుంటే దానికి ఎదురుది మైనస్. పోయేటప్పుడు ఒక గుర్తు, వచ్చేటప్పుడు ఇంకొకటి. గుర్తు మరిచిపోయినవాడికి ఎప్పుడూ అయిదే వస్తుంది. ఏ దిక్కు ప్లస్ అన్నది మన ఇష్టం, కానీ ఒకసారి అనుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు.

గుమ్మం ఎందుకని అడగవచ్చు. అచ్చు పుస్తకాల్లో కుడివైపే ప్లస్. అలా చూసి చూసి పిల్లలు ప్లస్ అనేది కుడిపక్కకే పుట్టిందనుకుంటారు. గోడ ఎడమపక్కన ఉన్న లెక్క ఇస్తే చేతులెత్తేస్తారు. ఆ అలవాటు పోగొట్టాలని నేను మొదట్లోనే ఎడమపక్కనున్న గుమ్మాన్ని ఎంచుకున్నాను. మన గదిలో మనకు కనబడే వస్తువును చూపించి దిక్కు చెప్తే అది పుస్తకం సొత్తు కాక పిల్లల సొత్తు అవుతుంది.

కాలేజీలో ఫిజిక్స్‌కి ఇంకొక లెక్చరర్ ఉండేవాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. మాకు చుట్టరికం లేదు గానీ నేనతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. ఇద్దరికీ ఇళ్ళు విజయనగరంలోనే. పద్దెనిమిదేళ్ళు పొద్దున పాసింజరులో ఒకే పెట్టెలో వెళ్ళి, సాయంత్రం ఒకే పెట్టెలో తిరిగొచ్చాం. కొత్తగా వచ్చినప్పుడు నెల రోజులు నా క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని నేను పాఠం చెప్పే తీరు చూశాడు. తన సెక్షనుకు మాత్రం పుస్తకంలో ఉన్నట్టు కుడివైపే ప్లస్ చెప్పేవాడు. నా గుమ్మం మీద అతనికి జోకులు ఎక్కువ.

"బావా, నీ పిల్లలు రేపు పెళ్ళిపీటల మీద కూకున్నా గుమ్మం ఎటున్నాదా అని సూస్తారు."

"సూడనీ. పారిపోవాలంటే పనికొస్తాది."

పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఎనిమిది గంటల పాసింజరులో మా మాటలు వినడానికని పక్క సీట్లలోకి మారేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. ఎడమ పేజీలో ఆ రోజు చెప్పిన పాఠం, కుడి పేజీలో ఇంటి సంగతులు. పాఠాల నోట్సు వేరే, ఏడాదికొక పుస్తకం. అందులో ప్రచోదనం పాఠం చివర ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంటుంది. "ఆఖరి రోజు తప్పక చెప్పాలి: గుమ్మం ఈ గదిలోదే. పరీక్షలో కుడి అని గానీ ఎడమ అని గానీ రాయాలి." ఏటా ఆ మాట చెప్పి, పక్కన టిక్కు పెట్టుకునేవాణ్ణి. ఇరవై ఎనిమిది టిక్కులు ఉన్నాయి. ఇరవై తొమ్మిదోది లేదు.

ఆ సెప్టెంబరులో నా భార్యకు కంటిపొర ఆపరేషన్ అయింది. రెండు రోజులు సెలవు పెట్టాను. పాఠం ఆఖరి క్లాసు ఆ రెండు రోజుల్లోనే పడింది. ముందురోజు సాయంత్రం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిల్చున్నప్పుడు అతనికి నోట్సు ఇచ్చి ఎర్ర వాక్యం చూపించాను.

"ఇది మాత్రం మరిచిపోకు బావా."

"నాకు తెల్దేటి? పద్దెనిమిదేళ్ళుగా ఇంటన్నాను నీ గుమ్మం గోల."

సెలవు అయిపోయి వెళ్ళిన రోజున అడిగాను. "సెప్పీసాను బావా," అన్నాడు. డైరీ ఎడమ పేజీలో అదే రాసుకున్నాను. "ఆఖరి క్లాసు బావ తీసుకున్నాడు. చెప్పీశానన్నాడు." నోట్సులో టిక్కు మాత్రం పెట్టలేదు. నేను చెప్పలేదు కాబట్టి పెట్టకూడదనుకున్నాను, అంతే. అప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు.

డిసెంబరులో అతనికి కోటబొమ్మాళి వైపు ఒక కాలేజీకి బదిలీ అయింది. వీడ్కోలు రోజున పొందూరు పంచె పెట్టాను. స్టాఫ్‌రూములో దాన్ని విప్పి వెలుతురుకు పట్టుకుని చూశాడు. "ఇంత సన్నంది కట్టుకుంటే క్లాసులో పాఠం ఇంటారా, నన్నే సూస్తారా," అన్నాడు. ఆ తరవాత రైల్లో నా ఎదుటి సీటు చాలా రోజులు ఖాళీగానే పోయింది. అందులో కూర్చోబోయిన వాళ్ళు నన్ను చూసి పక్కకు జరిగేవాళ్ళు.

మార్చిలో పిల్లలు పరీక్షలు రాశారు. మా కాలేజీయే సెంటరు. మా జిల్లా పేపర్లు దిద్దడానికి శ్రీకాకుళం పంపారని, అక్కడ ఫిజిక్స్‌కు చీఫ్ ఎగ్జామినర్లలో అతనొకడని ఫోనులో తనే చెప్పాడు. నాకు సంతోషమే అయింది. పేపర్ల మీద పేర్లుండవు, ఎవరి పేపరు ఎవరిదో తెలియదు. అయినా తెలిసినవాడు ఒకడు అక్కడున్నాడని ధైర్యం.

ఫలితాలు వచ్చిన రోజు పద్నాలుగు మంది పిల్లల పేర్ల ఎదుట మార్కులు లేవు. ఆపి ఉంచారు. రెండు రోజులకు ప్రిన్సిపాలు పిలిచి ఒక కాగితం చూపించారు. బంతి, గోడ లెక్కలో పద్నాలుగు పేపర్లలో బొమ్మ పక్కన ఒకే రకం గుర్తు, చిన్న గుమ్మం ఆకారంలో, గీసి ఉంది. ఆ పద్నాలుగింటిలోనూ జవాబు ముందు, పరీక్షల బోర్డు ఇచ్చిన కీ ప్రకారం మైనస్ ఉండాల్సింది, ప్లస్ ఉంది. పేపరు ఎవరిదో దిద్దేవారికి తెలియడానికి ముందుగా కుదుర్చుకున్న గుర్తుగా అనుమానం. విచారణకు రావాలి. అనుమానం నిజమని తేలితే ఆ పిల్లలు ఆ ఏడాది రాసిన పేపర్లన్నీ రద్దవుతాయి.

ప్రిన్సిపాలు కాగితం మడిచి, "మీ గుమ్మమేనా?" అని అడిగారు.

"నాదే," అన్నాను.

మర్నాడు ఆ మొదటి బల్ల పిల్ల వాళ్ళ నాన్నతో మా ఇంటికి వచ్చింది. ఆయన డ్యూటీ దిగి అలాగే వచ్చాడు. చొక్కా చేతుల మీద సన్నటి నల్ల దుమ్ము. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, ఈ గుర్తులూ కేసులూ నాకు తెల్దు. పిల్ల తప్పు సేసిందా సెయ్యలేదా, ఆ ఒక్క ముక్క సెప్పండి."

"చెయ్యలేదు."

"అయితే మీరు సూసుకుంటారా?"

"చూసుకుంటాను."

"ఏడాది పోతే నానింక పంపను సార్. దీని ఎనకాల దీని సెల్లి ఉన్నాది. అక్కనీ సెల్లినీ ఒకే క్లాసులో కూకోబెడితే ఇదే ఎల్లనంటాది. నా కూతురు సంగతి నాకు తెలుసు."

ఆ పిల్ల తల వంచుకుని కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తోంది. నేను అడిగాను. "అమ్మా, నేను లేని రోజున ఆ సారు ఏమి చెప్పారు?"

"లెక్కలన్నీ సేయించారు సార్. ఆకర్ని, మీ సారు గుమ్మాన్ని మరిచిపోకండి, ఎక్కడ కూకుంటే అక్కడి గుమ్మం వైపు ప్లస్, పరీక్షలో బొమ్మ పక్కన గుమ్మం కూడా గీసీండి, దిద్దినోడికి దారి తెలుస్తాది, అన్నారు. మేం నవ్వాం. నోట్సులో రాసుకున్నాం."

విషయం నాకు అర్థమైంది. అతను నవ్వులాటకు అన్నాడు. పిల్లలు సారు చెప్పాడని నోట్సులో రాసుకున్నారు. నాకు కోపం రాలేదు. అతనికి ఈ సంగతి తెలిస్తే మనసు పాడవుతుందనే అనుకున్నాను. అతను వచ్చి, నేను అన్న మాటే ఇది, పిల్లల తప్పు లేదు, అని ఒక్క ముక్క చెప్తే సరిపోతుంది. వాళ్ళు వెళ్ళగానే ఫోను చేశాను.

"అలగా బావా? గుమ్మం బొమ్మా?" అన్నాడు. "నా దగ్గరికి రాలేదే. ఇంకెవులో సూసుంటారు."

"నువ్వు ఆ రోజు క్లాసులో ఏదో జోకు వేశావట."

"ఏసానేమో. ఎన్నని గుర్తుంటాయి?"

"విచారణకు వచ్చి ఆ మాట చెప్పు బావా. పద్నాలుగు మంది పిల్లల ఏడాది పోతుంది."

"వస్తాను. ఎందుకు రాను? తొమ్మిదిన్నరకి గేటు దగ్గరుంటాను. టీ తాగీసి ఇద్దరం లోపలికి ఎల్దాం."

ఆ మాటలు కూడా డైరీలో ఉన్నాయి.

విచారణ శ్రీకాకుళంలో. పద్నాలుగు మంది తరఫునా ఆ పిల్లనూ వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకుని తొమ్మిదికల్లా బస్సు దిగాను. సంచిలో ఇరవై తొమ్మిదేళ్ళ పాఠాల నోట్సు, ఆ ఏడాది డైరీ. గేటు ఎదురుగా టీ బండి ఉంది. అతను వచ్చాక తాగుదామని మేము తాగలేదు. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేస్తే రెండు మోతల తరవాత కట్టయింది. ఎవరో చేత్తో ఆపినట్టు. మూడోసారి చేస్తే ఫోను ఆపేసి ఉందని వచ్చింది. పదింబావుకు లోపలి నుంచి పిలుపు వచ్చింది.

విచారణ అధికారి ఒక స్త్రీ. నిదానంగా మాట్లాడే మనిషి. నా నోట్సులన్నీ ఒకటొకటిగా తిప్పింది. ప్రతి ఏడూ బాణం, ప్రతి ఏడూ అదే మాట. ఎర్ర వాక్యం దగ్గర ఆగింది.

"మాస్టారూ, పరీక్షలో గుమ్మం అనొద్దని చెప్పాలని మీరే రాసుకున్నారు. మీరు వద్దన్న పని పద్నాలుగు మంది ఎందుకు చేశారు?"

నా మాట నిరూపించాల్సిన కాగితమే నా మీదకు తిరిగింది. నేను జవాబు చెప్పేలోపే ఆవిడ ఫైలులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. "గుర్తు కనిపెట్టిన చీఫ్ ఎగ్జామినర్ రిపోర్టు. చదవండి."

చదవక ముందే తెలిసిపోయింది. తేదీ కింద రెండు గీతలు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత. పద్దెనిమిదేళ్ళు హాజరు పట్టీల్లో, ప్రాక్టికల్ రికార్డుల్లో, సెలవు చీటీల్లో చూసిన చేతిరాత. కింద సంతకం. గుమ్మం ఎలా ఉందో, ఏ ఏ పేపర్లలో ఉందో శ్రద్ధగా రాశాడు. చివరి వాక్యం ఇది. "ఈ గుర్తు దేనికి సంకేతమో నాకు తెలియదు."

రిపోర్టు రాయడం తప్పని నేను అనను. కంటబడింది రాయాలి. రిపోర్టు ఆ ముందు వాక్యంతోనే ముగిసి ఉంటే బహుశా నేనే అతని తరఫున ఏదో ఒక కారణం వెతికేవాణ్ణి. తెలియదు అనే మాట దగ్గర ఆగిపోయాను.

"నేను ఆ ఆఖరి క్లాసు రోజున సెలవులో ఉన్నాను," అన్నాను.

"మరి క్లాసు ఎవరు తీసుకున్నారు?"

డైరీ సంచిలో ఉంది. తీసి ఆ పేజీ విప్పి, బావ అంటే ఎవరో చెప్తే చాలు. ఆ పేజీకి ఎదురుగా ఈ రిపోర్టు పెడితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. సంచిలో చెయ్యి పెట్టాను కూడా. అట్ట చేతికి తగిలింది.

"మేడమ్, పేరు తరవాత చెప్తాను. ముందు పిల్లను పిలిచి అదే లెక్క చేయించండి."

ఆ పిల్ల వచ్చి బల్ల పక్కన కూర్చుంది. ఆవిడ తెల్లకాగితం మీద ప్రశ్నపత్రంలో ఉన్నట్టే కుడిపక్కన గోడ, దాని వైపు పోతున్న బంతి గీసి ఇచ్చింది. పిల్ల పెన్ను తీసుకుంది. కాగితం చూడలేదు. తల ఎత్తి గదిని ఒకసారి చుట్టూ చూసింది. ఆ గదికి గుమ్మం ఆమె కుడిచేతి పక్కన ఉంది. కాగితం మూలలో కుడివైపు బాణం గీసి, దాని కొన దగ్గర చిన్న గుమ్మం గీసింది. పోయేటప్పుడు ప్లస్ పదిహేను. వచ్చేటప్పుడు మైనస్ పది. మార్పు మైనస్ ఇరవై అయిదు. దాన్ని రెండు వందల గ్రాములతో హెచ్చిస్తే ప్రచోదనం, అంటే గోడ ఇచ్చిన తోపు, మైనస్ అయిదు.

"పరీక్షలో ప్లస్ అయిదు రాశావు. ఇప్పుడు మైనస్ వచ్చిందేం?"

"అక్కడ గుమ్మం ఇటున్నాదండి. ఇక్కడ అటున్నాది కదండి."

ఆవిడ ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. "పరీక్ష ఏ గదిలో రాశావు?"

"మూడో గదిలోనండి."

"మీ సెక్షను వాళ్ళు తక్కినవాళ్ళు?"

"ఎనకాల అయిదో గదిలోనండి. దానికి గుమ్మం కుడిపక్కన."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచన రానేలేదు. పద్నాలుగు మంది మూడో గదిలో కూర్చున్నవాళ్ళు. అయిదో గదిలో కూర్చున్నవాళ్ళూ గుమ్మం గీసి ఉంటారు, కానీ వాళ్ళ జవాబు కీతో సరిపోయింది. జవాబు సరిపోయిన పేపరులో బొమ్మ పక్కన ఏముందో ఎవరూ చూడలేదు. ఆవిడ అయిదో గది పేపర్లు తెప్పించమని చెప్పింది. మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమంది. మధ్యాహ్నం తరవాత మళ్ళీ పిలిచి, వాటిలోనూ గుమ్మాలున్నాయి, అన్నీ కుడిపక్కన, జవాబులన్నీ మైనస్, అని చెప్పింది. కుదుర్చుకున్న గుర్తయితే గది మారితే పక్క మారదు. ఎవరూ గుర్తు కుదుర్చుకోలేదని రాస్తానంది. పేరు సంగతి ఆవిడ మళ్ళీ అడగలేదు. నేను చెప్పలేదు.

దాన్ని నా మంచితనం అనుకోవద్దు. పైకి చెప్పేస్తే అది నిజమైపోతుందని భయం. బస్సు ఎక్కేదాకా కూడా, ఏదో పొరపాటు ఉంటుంది, ఎవరో బలవంతం చేసి రాయించుంటారు, అని నాకు నేనే చెప్పుకుంటూ ఉన్నాను.

బస్టాండులో ఆ పిల్ల అడిగింది. "ఆ సారు రాలేదేటి సార్?"

"పనుండి ఉంటుందమ్మా," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

పదిహేను రోజులకు పద్నాలుగు మందికీ మార్కులొచ్చాయి. ఆ పిల్ల వాళ్ళ నాన్న మళ్ళీ డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి గుమ్మం బయటే నిలబడి, "సూసుకున్నారు సార్," అని వెళ్ళిపోయాడు. మే నెలాఖరున నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభకు అతను రాలేదు. ఫోనూ చేయలేదు.

జూలైలో ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. నేను పెట్టిన పొందూరు పంచె కట్టుకున్నాడు. నేను గుర్తుపట్టాలని కట్టుకున్నాడో, ఆదివారం గనక కట్టుకున్నాడో తెలియదు. నా భార్య టీ ఇచ్చి, కన్ను బాగానే కనబడుతోందని చెప్పి లోపలికి వెళ్ళింది. అతను టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"కోపమొచ్చిందా బావా?"

"ముందు అడిగింది చెప్పు. నీ దగ్గరికి రాలేదన్నావే?"

"వచ్చాయి. నా కింద ఎగ్జామినరు తెచ్చి సూపించాడు. కుర్రోడు, కొత్త. సార్, ఇదేటి, పద్నాలుగు పేపర్లలో ఒకేలాగున్నాది, అన్నాడు. నలుగురూ ఇంటన్నారు. నాకు తెలుసు అని ఎలా అంటాను? తెలుసంటే, ఆ పిల్లలెవులో నాకు తెలుసన్నట్టే. నేను సదువు సెప్పిన పిల్లల పేపర్లు నేను దిద్దీసినట్టే. నా మీద కేసవుద్ది. నానూ బతకాలి కదా."

"గుర్తు చూశానని రాస్తే చాలదా? తెలియదు అని ఎందుకు రాశావు?"

అతను గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"గీయమన్నది నువ్వే కదా బావా."

"నవ్వులాటకన్నాను. గీసీస్తారని నాకేటి తెలుసు?"

"సరే. విచారణ రోజు?"

"బయల్దేరాను. సగం దారి వచ్చాను. వచ్చి నిలబడితే గీయమన్నదీ, తెలీదని రాసిందీ, రెండూ బయటపడతాయి. తిరిగి ఎల్లిపోయాను." గ్లాసు కింద పెట్టాడు. "అయినా ఇప్పుడేటయ్యింది? మార్కులు పోయాయి, తిరిగొచ్చీసాయి. పిల్లలకేటీ కాలేదు కదా. మనిద్దరికీ ఏటీ కాలేదు కదా."

ఈ లెక్క నాకు బాగా తెలుసు. ఏటా మొదటి రోజున క్లాసంతా ఒకే గొంతుతో చెప్పే లెక్క. పోయినదాన్నీ వచ్చినదాన్నీ ఒకే గుర్తుతో రాసి, ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, మిగిలింది ఇంతే అనడం. పద్దెనిమిదేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాడు నా ఎదుట కూర్చుని ఆ తప్పు చేస్తున్నాడు. ఆ పదిహేను రోజులు కొలిమి దగ్గర నిలబడ్డ ఆ తండ్రికి ఏమైందో, చెల్లెలి పక్కన బల్ల మీద కూర్చోవాలేమోనని ఆ పిల్ల ఎన్నిసార్లు అనుకుందో అతని లెక్కలోకి రాలేదు. నాకేమైందో నేను చెప్పలేదు. ఆ సంగతి అతనికి చెప్పాలనిపించలేదు.

"టీ చల్లారిపోయింది. ఇంకొకటి తెమ్మంటాను," అన్నాను.

"వద్దు బావా." లేవలేదు. గోడకున్న డైరీల బీరువా వైపు చూస్తూ అడిగాడు. "ఆ సెప్టెంబరు పేజీ ఉందా?"

"ఉంది."

"నేను సెప్పీసానని రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"ఆవిడికి సూపించావా?"

"లేదు."

అతని భుజాలు కొంచెం దిగాయి. అప్పుడు నాకు తెలిసింది, అతను ఆ ఆదివారం విజయనగరం దాకా ఎందుకొచ్చాడో. క్షమాపణ కోసం కాదు. ఆ ప్రశ్న అడగడం కోసం.

"నేను వచ్చే ఏడు ప్రిన్సిపాలు లిస్టులో ఉన్నాను బావా," అన్నాడు. "రేపెవులైనా తవ్వితే... ఆ ఒక్క పేజీ తీసీ. నీకు అదేటి? ఇన్నేళ్ళ డైరీల్లో ఒక్క కాగితం."

నేను లేచి బీరువా తీశాను. అతను కూడా లేచాడు. ఆ ఏడాది డైరీ తీసి పేజీ విప్పి అతని చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి దగ్గరగా పట్టుకుని చదివాడు. కుడి పేజీలో నా భార్య కంటికి కట్టు విప్పిన సంగతి ఉంది. కట్టు విప్పగానే డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, మూడు అని చెప్పిందని. ఎడమ పేజీలో రెండు చిన్న వాక్యాలు. "ఆఖరి క్లాసు బావ తీసుకున్నాడు. చెప్పీశానన్నాడు."

"ఎవరికీ చూపించను," అన్నాను. "చింపను కూడా."

డైరీ నా చేతికి తిరిగి ఇచ్చాడు. అతని చేతిలో ఉన్నంతసేపూ తనే చింపవచ్చు. చింపలేదు. ఆ మాట కూడా రాసుకోవాలి గనక రాస్తున్నాను. చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, గేటు దగ్గర ఒకసారి ఆగి, "వస్తాను బావా," అన్నాడు. నేను తల ఊపాను.

ఆ పిల్ల మరుసటి ఏడు ఇంటర్ పూర్తి చేసి విజయనగరంలో డిగ్రీలో చేరింది. ఫిజిక్సే తీసుకుంది. ఒకసారి దారిలో కనబడి, కాలేజీలో కుడివైపే ప్లస్ రాయిస్తున్నారని, తను మాత్రం ముందు గది చూసుకుంటానని చెప్పింది. "చూసుకో, కానీ గుమ్మం గీయకు," అంటే నవ్వింది.

ఆ ఆదివారం అతను వెళ్ళాక డైరీ తీసి కుడి పేజీలో "బావ వచ్చాడు" అని రాయబోయాను. బా దగ్గర కలం ఆగింది. ఆ అక్షరం మీద ఒక అడ్డగీత కొట్టి, పక్కన ఇలా రాశాను. "కోటబొమ్మాళి వైపు కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు గారు వచ్చారు. టీ తాగలేదు."